కుట్టు గదికి తాళం వేశాను, తప్పా?

రాజమహేంద్రవరం నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. కుదించి చెబుతున్నాను.

ఆవిడకు 56 ఏళ్లు. 1997లో డ్వాక్రా అప్పుతో కాలు మిషన్ కొని, ఇంట్లోనే జాకెట్లు కుట్టడం మొదలుపెట్టారు. ఇద్దరు పిల్లల ఫీజులు చాలా ఏళ్లు ఆ మిషన్ మీదే కట్టారు. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక వాళ్ల గది కుట్టు గది అయింది. పది అడుగులకు పదకొండు అడుగుల గది. అందులో కాలు మిషన్, మోటారు మిషన్, చీరల అంచులకు పీకో మిషన్, రెండు బీరువాలు. అటక మీద మూటలు, మంచం మీద మూటలు, మంచం కింద మూటలు. "తలుపు పూర్తిగా తెరవాలంటే ముందు లోపలికి చెయ్యి పెట్టి ఓ సంచి జరపాలి" అని రాశారు. కుట్టడం పూర్తయినా ఎవరూ తీసుకెళ్లని జాకెట్లు 37 ఉన్నాయి, అందులో ఒకటి 2019 నాటిది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. నల్ల గుడ్డ మీద నల్ల దారం కనపడటం లేదు. అయినా నెలకు 15 జాకెట్ల దాకా కుడుతున్నారు, లైనింగ్ జాకెట్టుకు 350 రూపాయలు తీసుకుంటున్నారు.

మాఘమాసంలో చెల్లెలి ఇంట్లో పెళ్లికి నాలుగు రోజులు వెళ్లారు. తిరిగొచ్చేసరికి భర్త రెండు మూటలు స్టీలు సామాన్లవాడికి వేసేసి ఒక పెద్ద బేసిన్, మూడు గిన్నెలు తీసుకున్నారు. ఒక మూటలో ఓ కస్టమర్ పెళ్లి చీర జాకెట్టు గుడ్డ ఉంది. దానికి 2,800 కట్టుకుని, మాట పడ్డారు. రెండో మూటలో చనిపోయిన వాళ్లమ్మగారి కట్టుడు చీరలు ఆరు ఉన్నాయి. ఆ సాయంత్రమే గదికి తాళం వేశారు. తాళంచెవి అప్పటినుంచి కొంగుకే ఉంది. బేసిన్ని ఒక్కరోజు కూడా వాడలేదు.

ఇప్పుడు దసరాకు బెంగళూరు నుంచి కొడుకు, కోడలు, పది నెలల మనవరాలు వస్తున్నారు. సంక్రాంతి దాకా ఉంటారు. కోడలు ఇంటినుంచే పని చేసుకోవాలి, గది కావాలి. కూతురేమో వీడియో కాల్‌లో "అన్నీ పడేసెయ్ అమ్మా, నువ్వింక కుట్టక్కర్లేదు" అంటోంది. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఎలా తేల్చుకోవాలని, తాళం వేయడం తప్పా అని అడిగారు. చివర్లో, సంతకం పెట్టాక ఇంకో వాక్యం రాశారు: "గది ఇచ్చేస్తే నేనెక్కడ కూర్చోవాలి?"

అమ్మా,

మీరు అడిగిన రెండింటికంటే చివర్న రాసిన ఆ వాక్యమే అసలు ప్రశ్న అనిపించింది నాకు. దానికి జవాబు తేలకుండా గది సర్దితే రెండు నెలల్లో మళ్లీ ఇలాగే అవుతుంది. దానికి వస్తాను. ముందు తాళం సంగతి చెబుతాను.

తాళం వేయడం తప్పని నేననను. మీ వస్తువు మీకు చెప్పకుండా పోయింది, మళ్లీ పోకుండా చూసుకున్నారు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. మీవారు ఆ రోజు గదిలోకి వెళ్లినప్పుడు ఆయనకు ఏం కనిపించి ఉంటుంది? మూటలు. ఒకదాంట్లో పెళ్లి జాకెట్టు గుడ్డ ఉందని, ఒకదాంట్లో అత్తగారి చీరలున్నాయని, మిగతావాటిలో కత్తిరించగా మిగిలిన పీలికలున్నాయని తెలిసిన మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే. మూట మీద ఏమీ రాసి లేదు. ఆయన చేసింది సబబని నేను చెప్పడం లేదు, అడగకుండా ఇవ్వడం తప్పే. ఆయనకు తెలిసే దారి కూడా లేకపోయిందని మాత్రం చెబుతున్నాను. ఇప్పుడు తాళం వల్ల ఆ దారి ఇంకా మూసుకుపోయింది. పైగా పసిపిల్ల వచ్చాక, కోడలు ఆ గదిలోనో పక్క గదిలోనో పని చేసుకుంటున్నప్పుడు, కొంగున చెవి కట్టుకుని తిరగడం మీకే ఇబ్బంది. దసరా దాకా ఉంచుకోండి. ఈలోపు తాళం అవసరం లేని ఏర్పాటు ఒకటి చేసుకుందాం.

ఇక గుడ్డలు. సర్దడం అనగానే అందరూ రంగుల వారీగా, సైజుల వారీగా మడతలు పెట్టమంటారు. చూడ్డానికి బాగుంటుంది, మీకు పనికిరాదు. మీ గదిలో ఉన్న గుడ్డ ఒక రకం కాదు. ఒక్కో మూట విప్పి, చేతిలోకి తీసుకున్న ప్రతి గుడ్డనీ ఒకటే అడగండి: ఇది ఎవరిది? కస్టమర్లదా, పనిదా, అమ్మదా, పేరంటాలదా? ఉత్తరం చదివితే నాకు కనిపించినవి ఈ నాలుగే. ఐదోది ఏదైనా దొరికితే దాన్ని తర్వాత చూసుకోవచ్చు. "ఎప్పటికైనా పనికొస్తుందా?" అని మాత్రం అడక్కండి. మీకు కుట్టు వచ్చు కాబట్టి ప్రతి ముక్కా ఎప్పటికైనా పనికొస్తుంది. ఆ ప్రశ్న వల్లే అటక నిండింది.

కస్టమర్లదాంతో మొదలుపెట్టండి, అదొక్కటే మీది కానిది. ఆ 37 జాకెట్లు ఒక్కో కవర్లో వేసి, ఒక్కో దాని మీద పేరు, ఫోన్ నంబరు, ఇవ్వాల్సిన డబ్బు రాసిన చీటీ పెట్టండి. గుండుసూదితో గుచ్చకండి, మన గోదావరి చెమ్మకు తుప్పు మరక పడుతుంది. దారంతో ఒక టాకా వేయండి చాలు. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, ఫలానా తేదీలోగా తీసుకెళ్లమని చెప్పండి. సగం మంది వస్తారు. కొందరు "అయ్యో, మర్చేపోయానండీ, ఇప్పుడది పట్టదు" అంటారు. అప్పుడు రెండు దారులు. కుట్లు విప్పి వదులు చేసి ఇస్తానంటే కొంత డబ్బు వస్తుంది, ఆ జాకెట్టు మాత్రం ఇంకో నెల మీ దగ్గరే ఉంటుంది. కుట్టుకూలీ వదిలేసుకుని ఇచ్చేస్తే డబ్బు పోతుంది, చోటు వస్తుంది. 2019 నాటిదానికి నేనైతే రెండోదే చేస్తాను. ఎంత ఫోన్ చేసినా ఎత్తనివాళ్లవి ఒక సంచిలో వేసి, పైన తేదీ రాసి, సంక్రాంతి దాకా అటక మీద ఉంచండి. అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. ఊళ్లో మాట పోతుంది, ఒకసారి పడ్డారు కదా.

ఇకనుంచి సగం డబ్బు ముందే తీసుకోండి. మొహమాటంగా ఉంటుందని తెలుసు. డబ్బు కట్టిన మనిషి జాకెట్టు కోసం తప్పకుండా వస్తుంది, అదీ లాభం.

ఇప్పుడు పేరంటాల గుడ్డలు. మీరు వీటి గురించి ఒక్క వాక్యమే రాశారు, "పెట్టినవి ఒక వంద దాకా ఉంటాయి" అని. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఒక ఆకుపచ్చ జాకెట్టు ముక్క ఉండేది. ఒక వరలక్ష్మీ వ్రతానికి నేనే ఒకరికి పెట్టాను, రెండేళ్లకు ఒక గృహప్రవేశంలో వేరొకరు నాకు పెట్టారు. మడత మీద నా పసుపు వేలిముద్ర ఉంది. మన ఇళ్లలో తిరిగే జాకెట్టు ముక్కల్లో చాలావాటికి సూది తగలడమే ఉండదు. అవి పెట్టడానికి కొన్నవే, పెడుతూ ఉండటానికే పనికొస్తాయి. ఒక కుట్టుపని తెలిసిన మనిషి చేతికి అలాంటి గుడ్డ వచ్చినప్పుడు మాత్రం అది ఆగిపోతుంది. కుట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ అది పాలిస్టరు, చెమట పీల్చదు, ఇస్త్రీ పెట్టె కాస్త వేడెక్కితే అంటుకుపోతుంది, మన ఊళ్ల ఎండకు ఎవరూ వేసుకోరు. దిండు గలీబు కుట్టొచ్చు అంటారు. లెక్క సరిపోతుంది, 80 సెంటీమీటర్ల ముక్కకు ఒక గలీబు వస్తుంది. ఆ గలీబు మీద మే నెలలో తల పెట్టి పడుకోవాలి కదా మరి.

పసుపు కుంకుమతో ఇచ్చిన గుడ్డని బయటికి ఇవ్వకూడదేమోనని మీకు శంక ఉండొచ్చు, చాలామందికి ఉంటుంది. అలాంటప్పుడు నూలువి, నిజంగా తొడుక్కోదగ్గవి ఒక పాతిక ఏరి పెట్టుకోండి. శ్రావణంలో మీ ఇంటికొచ్చే ముత్తయిదువులకు అవే పెట్టొచ్చు. అలా చేస్తే సంప్రదాయం తప్పదు, కొత్తవి కొనక్కర్లేదు. మిగతా పాలిస్టరు ముక్కలకు నాకు తోచిన మంచి చోటు కుట్టు నేర్పే కేంద్రం. మీ చుట్టుపక్కల ఏదో ఒకటి ఉంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు ముందు పేపరు మీద, తర్వాత చవక గుడ్డ మీద కత్తిరించి పాడుచేయాలి, అప్పుడే చెయ్యి కుదురుతుంది. మీరూ అలా పాడుచేసే నేర్చుకుని ఉంటారు. వాళ్లకు 75 ముక్కలంటే పండగే. ఢిల్లీలో 1999లో మొదలైన గూంజ్ లాంటి సంస్థలు కూడా ఉతికిన బట్టలు తీసుకుంటాయి, పాత నూలు బట్టతో నెలసరి గుడ్డలు కూడా తయారు చేయిస్తాయి. పంపాలనుకుంటే దగ్గర్లో తీసుకునే చోటు ఉందో లేదో ముందు కనుక్కోండి, లేకపోతే ఆ మూట కూడా వరండాలో పడి ఉంటుంది.

అమ్మ చీరల దగ్గరికి వద్దాం. పోయిన ఆరు చీరల గురించి నేను ఏం చెప్పినా ఓదార్పు కాదు. ట్రంకు పెట్టెలో ఇంకా మిగిలాయన్నారు కదా: మడతల దగ్గర చిట్లుతున్న ధర్మవరం పట్టు ఒకటి, ఉప్పాడ జాందానీ ఒకటి, నాలుగు నేత చీరలు.

వీటిని తీసేయమని ఎవరన్నా వినకండి. కానీ ట్రంకులో ఉంచి మూత వేసినంత మాత్రాన అవి భద్రంగా ఉండవు. పట్టు ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ గీత వెంబడే తెగుతుంది. ధర్మవరానికి జరిగింది అదే. మూడు నాలుగు నెలలకోసారి తీసి, నీడలో ఆరబెట్టి, మడత మార్చి పెట్టాలి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత పంచె ముక్కలో చుట్టండి. నేత చీరలకు గంజి ఉంటే ఉతికి గంజి పోగొట్టి పెట్టండి, వెండి పురుగులు వచ్చేది ఆ గంజి కోసమే. ఇక కలరా ఉండలు. ఇది కాస్త గట్టిగా చెబుతున్నాను. పాప వచ్చేలోపు ఇంట్లో ఉన్న కలరా ఉండలన్నీ తీసేయండి. చాక్లెట్ అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఒకటి. పుట్టుకతో ఒక ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఆ వాసన పీల్చినా, ఆ ఉండల మధ్య ఉంచిన గుడ్డలో చుట్టినా రక్తకణాలు పగిలిపోయి కామెర్లు రావడం డాక్టర్లకు తెలిసిన విషయమే. లోపం ఉందో లేదో చూస్తే తెలియదు. ఎండబెట్టిన వేపాకు పల్చటి గుడ్డలో మూటకట్టి పెట్టండి. నెలకోసారి మార్చాలి, అంతే.

ధర్మవరం చీరకు మీ ముందు మూడు దారులున్నాయి. అలాగే దాచుకోవచ్చు, పైన చెప్పినట్టు చూసుకుంటే ఇంకొన్నేళ్లు ఉంటుంది, కట్టుకోవడానికి మాత్రం పనికిరాదు. రెండోది, మనవరాలికి పరికిణీ కుట్టడం. ముందు ఒక మూల రెండు చేతుల వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. చిర్రుమని శబ్దం వచ్చి విడిపోతే ఆ భాగానికి సూది తగలనివ్వొద్దు, కుట్టు వెంబడే చిరుగుతుంది. గట్టిగా ఉన్న మేరకు అంచు, కొంగు తీసుకుని, వెనక మెత్తటి మల్లు గుడ్డ వేసి, 9 నంబరు సూదితో పెద్ద కుట్టుతో కుట్టండి. అంచు జరీ చంటిపిల్ల ఒంటికి గుచ్చుకోకుండా లోపలివైపు మొత్తం లైనింగ్ రావాలి. మూడోది, జరీ కొనేవాళ్లకు అమ్మడం. అసలు జరీలో వెండి ఉంటుంది కాబట్టే కొంటారు, కాల్చి వెండి తీస్తారు. రాగి తీగ మీద పూత వేసిన జరీ అయితే పెద్దగా ఏమీ ఇవ్వరు. అమ్మాలనుకుంటే రెండు చోట్ల అడిగి, మీ ఎదురుగా తూకం వేయించుకోండి. అది తప్పేం కాదు. కాకపోతే కాల్చాక వెనక్కి తెచ్చుకోలేరు. మీ ఇంట్లో అమ్మ చీరలకు ఒకసారి అలా జరిగి ఉంది కనుక, ఈ ఏడాది ఈ మూడో దారి జోలికి వెళ్లొద్దని నా సలహా.

నేత చీరల్లో ఒకటి బొంతకు ఇవ్వండి. చీర అయిదున్నర మీటర్లు ఉంటే 1.1 మీటర్ల చొప్పున అయిదు మడతలు వస్తాయి. అయిదు పొరలు, చుట్టూ మడిచి కుట్టి, లోపలంతా వేలెడు దూరంలో చేత్తో వరసలు వేయడమే. మిషన్ మీద వేస్తే బిర్రుగా అవుతుంది, చేత్తో వేసిందే మెత్తగా ఉంటుంది. పది నెలల పిల్లకు అది చాలు. వాళ్ల తాతమ్మ చీర మీద పడుకుంటుంది. మీ కళ్లకు లేత రంగు చీర, ముదురు రంగు దారం పెట్టుకోండి, వరస కనపడుతుంది. మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని రోజుకు నాలుగు వరసలు వేసినా దసరాకు అయిపోతుంది.

పని గుడ్డ, అంటే లైనింగ్, ఫాల్స్, క్యాన్వాస్, మీరు తాడితోటలో కొన్న కట్ పీసులు. తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్‌కు వెళ్లి ఖాళీ చేతులతో తిరిగిరావడం కష్టమేలెండి, ఆషాఢంలో అయితే చెప్పక్కర్లేదు. లైనింగ్ ఎంతున్నా వాడతారు, అది ఉంచండి, ఒక్కో రంగు ఎన్ని మీటర్లుందో చీటీ మీద రాసి కుట్టేయండి. కట్ పీసుల్లో మీటరు దాటినవి ఉంచండి, దానికి లోపు ఉన్నవి చీటీ లేకుండా ఉంచొద్దు. ఎందుకంటే కొలత తెలియని గుడ్డ ఎప్పుడు అవసరమొచ్చినా విప్పి, కొలిచి, మళ్లీ చుట్టి పడేస్తాం, మూట అక్కడే మొదలవుతుంది. ఈ ఆషాఢానికి వెళ్లండి, వెళ్లొద్దని నేనెందుకంటాను. మీ దగ్గర లేని లైనింగ్ రంగుల జాబితా ఒకటి చేతిలో పెట్టుకుని వెళ్లండి.

కత్తిరించగా మిగిలిన ముక్కల గురించి ఎక్కువ ఆలోచించొద్దు. జానెడు దాటినవి పైపింగ్‌కి, డోరీకి, జాకెట్టు వెనక వేలాడే కుచ్చులకు పనికొస్తాయి. జానెడు లోపువి తీసేయండి. జానెడు దాటినవి కూడా ఎన్ని ఉంచాలో కొలత ఉండాలి. ఇంట్లో వాడని స్టీలు బేసిన్ ఒకటుందన్నారు. అందులో పట్టినన్ని. నిండాక ఒకటి వేస్తే ఒకటి తీయాలి.

నేలమీద రాలిన సూదులు, గుండుసూదులు, హుక్స్ సంగతి మీకు చెప్పక్కర్లేదు గానీ, పాకే పిల్ల వస్తోంది కాబట్టి చెబుతున్నాను. ఊడ్చాక పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి, మంచం కిందా మూలల్లోనూ నేలకు తగిలేట్టు లాగండి. ఎన్ని వస్తాయో చూసి ఆశ్చర్యపోతారు. ఆ పని ఒకసారి కాదు, పాప ఉన్నన్నాళ్లూ.

ఇప్పుడు మీ చివరి వాక్యం. ఎక్కడ కూర్చోవాలో తేలాలంటే, ఎంత కుట్టాలో ముందు తేలాలి.

మీరు నెలకు 15 జాకెట్లు కుడితే 5,250 వస్తుంది. లైనింగ్, దారం, హుక్స్, కరెంటు పోగా నాలుగు వేల చిల్లర మిగులుతుందనుకుందాం. వీధిలో చిన్న షట్టరు తీసుకుని అక్కడికి మారతానని మీకో ఆలోచన ఉన్నట్టు రాశారు. అద్దె నెలకు మూడు వేలున్నా మీ కష్టంలో చాలా భాగం దానికే పోతుంది. కుట్టడం రెట్టింపు చేస్తే గిట్టుబాటవుతుంది. ఈ కళ్లతో అది కుదురుతుందా? మీ డాక్టరుకు, మీకు తెలియాలి. నాకైతే భయంగా ఉంది.

రెండోది, కూతురన్నట్టు బయటి పని మానేసి, ఇంట్లోవాళ్లకు మాత్రం కుట్టుకోవడం. ఒక మిషన్, ఒక చిన్న బీరువా చాలు, గది మొత్తం ఖాళీ. కాకపోతే ఆ నాలుగు వేలు పోతుంది. అది పెద్ద మొత్తం కాకపోవచ్చు. 1997 నుంచీ ఎవరినీ అడక్కుండా మీరు ఖర్చుపెట్టుకున్న డబ్బు అది. మనవరాలికి గజ్జెలు కొనాలన్నా, చెల్లెలికి చీర పెట్టాలన్నా ఇకమీద ఆయన్ని అడగాలి. అలా అడగడం మీకు కష్టం కాకపోతే ఇది మంచి దారే. మీ ఉత్తరం చదివితే కష్టమనే అనిపించింది.

మూడోది సంక్రాంతి వరకు గది ఇచ్చి, ఆ తర్వాత మీరు తిరిగి తీసుకోవడం. ఇది అందరికీ ఇష్టంగానే ఉంటుంది, కానీ తేదీ ముందే చెప్పాలి. చెప్పకపోతే సంక్రాంతి తర్వాత వాళ్లు "మళ్లీ ఉగాదికి వస్తాం కదా" అంటారు, ఆ మంచం అక్కడే ఉంటుంది. ఇంకో చిక్కు, ఏరకుండా మూటలన్నీ అటక మీదికి ఎక్కిస్తారు, జనవరిలో మళ్లీ అవే దిగుతాయి.

నాలుగోది పని సగానికి తగ్గించుకుని హాల్లోనో, వరండాలోనో కిటికీ ఉన్న మూలకు మారడం. మోటారు మిషన్ ఒకటి, ఒక బీరువా, గోడకు ఒక కడ్డీ. ఆ కడ్డీకి పది సంచులే తగులుతాయి, పదకొండో జాకెట్టు ఒప్పుకోకూడదు. నల్లవి, ముదురు నీలంవి అసలే వద్దు. పీకో మిషన్ అమ్మేయొచ్చు, పీకో పని ఇంకొకరికి అప్పగించొచ్చు. కాలు మిషన్ని అమ్మమని నేను చెప్పను. దాని బల్ల మూసేస్తే టీవీ పక్కన చిన్న టేబుల్‌గా పనికొస్తుంది, పెడల్‌కి తాడు కట్టేయండి, పాప కాలో చెయ్యో పెట్టకుండా. ఈ దారిలో ఉన్న ఇబ్బంది, కొలతలు ఇవ్వడానికి, తొడిగి చూసుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు తలుపున్న గది కావాలి. హాల్లో మీవారు పేపరు చదువుతుంటే కుదరదు. మీ పడగ్గదిలో సాయంత్రం నాలుగింటి నుంచి అయిదింటి దాకా, ఆ గంట ఆయన పార్కుకో గోదావరి గట్టుకో వెళ్లాలి. ఇది ఆయనతో మాట్లాడి ఒప్పించాల్సిన సంగతి. ఇంకొకటి, కోడలు మీటింగులో ఉన్నప్పుడు మోటారు చప్పుడు వినపడుతుంది. ఆవిడ వేళలు అడిగి ముందే పెట్టుకోండి.

నాకు నాలుగోదే నచ్చింది. మీకు మూడోది నచ్చితే అదీ నడుస్తుంది, తేదీ చెప్పే ధైర్యం ఉంటే.

మీవారితో ఎలా మాట్లాడాలో చెబుతాను, ఇది సలహా కంటే నా అనుభవం. ఆ మూటల గురించి కాకుండా పని గురించి మొదలుపెట్టండి. "ఫలానా రోజు పొద్దున్న రెండు గంటలు నాకు సాయం కావాలి, అటక మీదవి దించాలి" అని. మూటలు దింపేది ఆయన, విప్పేది మీరు. ఒక్కో మూట విప్పుతూ ఇది ఎవరిదో పైకి చెప్పండి. పెళ్లి జాకెట్టు గుడ్డ ఎలా ఉంటుందో, పీలికలు ఎలా ఉంటాయో ఆయన కళ్లతో చూస్తారు. ఆ వరసలో అమ్మ చీరలు వస్తాయి. అప్పుడు మీకు ఏడుపొస్తే రానివ్వండి. ఆయన ఒక మాట అనొచ్చు, అనకపోవచ్చు. మగవాళ్లలో కొందరు "సారీ" అనడానికి బదులు టీ పెట్టుకొస్తారు. అది సరిపోతుందో లేదో మీరే చూసుకోవాలి. సరిపోకపోతే అడగండి, "నాకు చెప్పకుండా ఇచ్చారు, నాకు బాధేసింది" అని. ఇన్ని నెలలు తాళంతో చెబుతున్నది ఒకసారి నోటితో చెప్పండి.

అంతా అయ్యాక బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించండి, ఏ అరలో ఎవరివి ఉన్నాయో రాసి. ఒకటి కస్టమర్లది, ముట్టుకోకూడదు. ఒకటి అమ్మది, ముట్టుకోకూడదు. మిగతావి అడిగి తీయొచ్చు. అక్షరాలు పెద్దవిగా రాయండి.

కూతురికి నా మాటగా చెప్పండి, "పడేసెయ్" అనే బదులు వచ్చే నెలలో రెండు రోజులు సెలవు పెట్టి రమ్మని. చీటీలు రాయడానికి చెయ్యి కావాలి, మీ కళ్లకు విశ్రాంతి కావాలి. గదిలో కూర్చుని ఒక్కో గుడ్డ కొలిచి మీటర్లు రాస్తే, అమ్మ ఫీజులు ఎలా కట్టిందో కూడా ఆ పిల్లకు తెలుస్తుంది.

ఆషాఢం ఇంకో పది రోజుల్లో వస్తోంది, ఆ నెలంతా మీకు కుట్టు పని తక్కువే. ఆ 37 ఫోన్లు అప్పుడే చేయండి. శ్రావణం మొదటి శుక్రవారం వచ్చిందంటే వ్రతాలు, పెళ్లిళ్లు, కొత్త గుడ్డలు పట్టుకుని గుమ్మంలో జనం. అప్పుడు 2019 జాకెట్టావిడకు ఫోన్ చేసే తీరిక మీకుండదు.